దాచుకునే తావు

పొదుపు మాకు ఎవరూ నేర్పలేదు పాపా. ఈ కల్లావి తట్టు ఆడోళ్ళకు పొదుపు గురించి కొత్తగా చెప్పేదేముంది? సంగటికి పిండి తీసేటప్పుడే ఒక పిడికెడు పక్క కుండలో వేసుకుంటా బతికిన జనం మేము. నలభై దాటినాక ఇంగేమి కూడబెడతాను అత్తా అని నువ్వు పొద్దున అడిగితివి చూడు, అది నా మనసులో తిరుగుతానే ఉండాది. దానికి బదులు చెప్పాలంటే ఆ కుండ కాడి నుంచే మొదలుపెట్టాల.

మా కాలంలో ఈ నేలంతా వాన చూసుకోని బతికే మెట్ట. రాగులు, ఉలవలు, చెనిక్కాయలు. ఇంట్లో కొనేది ఉప్పు, కిరసనాయిలు, పండగకు బెల్లం. కూర కావాలంటే గెనాల మీద గురుగాకు ఉండె, పొన్నగంటాకు ఉండె. బియ్యం కూడు పండగనాడో, ఒళ్ళు బాగాలేనప్పుడో. 2011 నుంచి రేషను బియ్యం ఊరికే ఇస్తా ఉండారు కాబట్టి నీ బిడ్డలకు ఆ కాలం కతలాగా ఉంటాది.

మా చేతికి నాలుగు దుడ్లు వచ్చే దారులు కొన్ని ఉండె. ఎండాకాలంలో వేపగింజలు, కానగ్గింజలు ఏరి నూనె గానుగలకు అమ్మేది. చెనిక్కాయలు పెరికేది, ఒలిచేది. అన్నిటికంటే పెద్ద దారి చింతపండు. ఈ జిల్లా చింతపండుకు కృష్ణగిరి పాతపేట పెద్ద సంత, ఇప్పటికీ అదే. వ్యాపారి చింతకాయ మూటలు ఇంటికి తెచ్చి దించుతాడు. పైపెచ్చు తీయాల, ఈనె లాగాల, కొట్టి గింజ రాల్చాల. తూకం వేసి కిలోకు ఇంతని కూలి. చింతపులుపుకు వేలి కొసలు పగిలి, ఉప్పు తగిలితే మండుతా ఉండె. గింజ కూడా పారేసేది కాదు, దాన్ని పిండి పట్టే మిల్లులు కొనుక్కుంటాయి. ఈ పని చేసిన ఆడోళ్ళకు ఖర్చు తగ్గించుకోమని చెప్పడానికి ఎవరికి నోరొస్తాది?

మరి ఆ దుడ్లన్నీ ఏమాయె? పోయిన దారి చెప్తాను విను.

రాగుల కుండలో అడుగున పెట్టేది, ఇంటి కప్పులో చెక్కేది, పాత చీర మడతలో పెట్టి కుట్టేది. దాచినంత సేపే అది మనది. మొగోడు చూస్తే మొగోడిది, కొడుకు చూస్తే కొడుకుది. తమ్ముడు వచ్చి కష్టం చెప్పుకుంటే చీటీ లేకుండా ఇచ్చేస్తిమి. ఎంత ఇచ్చినామో మనకే గుర్తుండదు, అడిగితే వాడికీ గుర్తుండదు.

కుండలో ఉంటే పోతాదని కమ్మలు చేయించుకుంటే అవి మాత్రం నిలిచినాయా? వాన పడే ముందర విత్తనాలకు కమ్మలు కుదవ పెట్టాల. చెనిక్కాయ కోత అయినాక విడిపించాల. వానలు మోసం చేసిన ఏడు వడ్డీ పెరిగి పెరిగి నగ ఏలానికి పోతాది. నాకు కడుపు మండేది ఏందంటే పాపా, కమ్మలు నావి, కుదవ చీటీ మీద పేరు ఆయనది. ఏలానికి పోతుందని కాగితం వచ్చినా అది నా చేతికి రాలేదు. చదవడమూ రాదు కదా.

దీపావళి చీటీలు ఇంగొక కత. వారం వారం కట్టుకుంటా పోతే పండగకు మిఠాయి, టపాకాయలు, ఒక ఇత్తడి గిన్నె ఇస్తారు. చాలామంది ఒళ్ళు దాచుకోకుండా కష్టపడి కట్టినారు. పండగ ముందర చీటీ పెట్టిన మనిషి ఊరు విడిచి పోయిన ఏండ్లు కూడా ఉండాయి. రసీదు లేదు, లెక్క లేదు, ఎవరిని పట్టుకునేది? చీటీలకు 1982లోనే చట్టం వచ్చిందని, రిజిస్టరు అయిన చీటీ వేరే, ఇంటి ముందర పెట్టే చీటీ వేరే అని నాకు తెలిసింది ఎంతో కాలానికి.

పొయ్యిలో ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి. పొగ నీ మొకానికి కొడతాంది.

ఇంగ 1989. ఆ ఏడు ఈ జిల్లాలో ఆడోళ్ళకు రెండు పనులు జరిగె. ఆ పొద్దు మాకు రెండూ తెలీదు. అప్పుడు మనది ధర్మపురి జిల్లా. కృష్ణగిరి వేరే జిల్లా అయింది 2004 ఫిబ్రవరిలో కదా. తమిళనాడు మొత్తంలో సర్కారు తరపున ఆడోళ్ళ పొదుపు సంగాలు మొదట పుట్టింది ఈ ధర్మపురి జిల్లాలోనే. ఐక్యరాజ్యసమితికి చెందిన ఐఫాడ్ అనే నిధి అప్పు ఇచ్చింది, రాష్ట్ర మహిళా అభివృద్ధి కార్పొరేషను నడిపింది, ఇండియన్ బ్యాంకు తలుపు తెరిచింది. మైరాడా లాంటి సంస్థల వాండ్లు ఊరూరా తిరిగి ఆడోళ్ళను కూర్చోబెట్టిరి. కరువు జిల్లా, వెనకబడిన జిల్లా అని మనల్ని ఎంచుకున్నారు. అట్ల ఎంచుకున్నందుకు నాకు చిన్నతనం లేదు. మన కాడ బాగా నడిచినాకనే సేలానికి, దక్షిణ ఆర్కాటుకు, మదురై తట్టుకు పోయింది. 1992లో నాబార్డు దేశమంతటికీ 500 సంగాలను బ్యాంకులతో కలిపి చూస్తామని దిగింది. అప్పటికే మన జిల్లా ఆడోళ్ళు బ్యాంకు మెట్లు ఎక్కి ఉండారు. ఈ సంగతి మన బిడ్డల బడి పుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

మా ఊరి దాకా ఆ సంగాలు రావడానికి కొన్నేండ్లు పట్టె. మీ మామ పోయి, అప్పులు మాత్రం మిగిలిన కాలం. నాకు అప్పుడు నీ ఈడే. సంగంలో చేరమంటే మొదట భయమే. వారానికొకసారి కూర్చోవాల, పొదుపు కట్టాల, కట్టింది అందరి ముందర చెప్పి పుస్తకంలో రాయాల. ఇరవై మందికి మించి ఉండకూడదు. ఎందుకు అని అడిగితే, ఇరవై దాటితే కంపెనీల చట్టం కింద రిజిస్టరు చేయాల్సి వస్తాదని చెప్పిరి. ఇరవై మందిలో ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఎవరు ఊరికే సాకు చెప్తా ఉండారు అని ఏ ఆఫీసరూ వచ్చి చెప్పక్కర్లేదు.

అప్పు మా దుడ్ల నుంచే మేము ఇచ్చుకుంటిమి. నెలకు నూటికి రెండు వడ్డీ అని తీర్మానం రాసుకుంటిమి. బయట నూటికి ఐదు, పది గుంజుతా ఉండిన కాలం. రెండు కూడా తక్కువేమీ కాదు, ఏడాదికి ఇరవై నాలుగు. అయితే ఆ వడ్డీ ఎవరి ఇంటికి పోలేదు, మా పెట్టెలోనే పడె. కొన్ని నెలలు ఒద్దికగా నడిపినాక బ్యాంకోళ్ళు వచ్చి పుస్తకాలు చూసి, మా పొదుపు ఎంతుందో చూసి దానికి ఇన్ని రెట్లని అప్పు ఇచ్చిరి. పొలం లేదు, పట్టా లేదు, మొగోడి సంతకం లేదు. మా పుస్తకమే పూచీ.

వేలిముద్ర వేసే దాన్ని సంతకం నేర్చుకుంటిని. తమిళంలో నేర్చుకుంటిని, తెలుగు రాసేది తర్వాత నా మనవరాలు నేర్పించె. బ్యాంకు పుస్తకం మీద నా పేరు నేనే చదువుకున్న పొద్దు చానా సేపు దాన్నే చూస్తా కూర్చుంటిని. పెండ్లి పత్రిక తర్వాత నా పేరు అచ్చులో చూసింది దాంట్లోనే.

ఆ అప్పుతో చేసిన పని నీకు వివరంగా చెప్పాల, ఎందుకంటే నీకు పనికొస్తాది. అప్పటిదాకా వ్యాపారి చింతపండు కొట్టి కిలోకు కూలి తీసుకుంటిమి. నలుగురం కలిసి, పూత చూసి, చెట్లు గుత్తకు తీసుకుంటిమి. కాయ మాది, పని మాది. కోత కాలంలో అందరూ ఒకేసారి తెస్తారు కాబట్టి ధర పడుకోని ఉంటాది. కూలికి పోయేవాళ్ళకు ఆగే ఓపిక ఎట్లుంటాది? సంగం అప్పుకు కిస్తు తక్కువ కాబట్టి మేము ఆగితిమి. ఉప్పు వేసి తొక్కి, బుట్టల్లో పెట్టి, ఆడి నెల దాకా ఉంచి అమ్మితిమి. అంతకు ముందర వ్యాపారికి మిగిలేది ఏందో ఆ పొద్దు మాకు అర్థమాయె. పని మారలేదు, వేళ్ళు పగిలేదీ మారలేదు. లెక్క మా చేతిలోకి వచ్చింది, అంతే. విడిపించుకోలేకపోయిన కమ్మల బదులు కొత్తవి చేయించుకున్నది ఆ దుడ్లతోనే, రసీదు మీద పేరు నాది.

1989లో జరిగిన రెండో పని చట్టం. పక్కన ఆంధ్రాలో రామారావు 1985 నుంచే కూతురికి తాతల నాటి ఆస్తిలో కొడుకుతో సమానంగా పాలు అని చట్టం తెచ్చినాడు. మన కాడ కరుణానిధి 1989 మార్చి 25 నుంచి తెచ్చినాడు. ఆ నాటికి పెండ్లి కాకుండా ఉండాల, ఆస్తి అంతకు ముందే పంచుకోని ఉండకూడదు. నాకు అప్పటికే పెండ్లి అయింది కాబట్టి అది నాకు అందలేదు. పెండ్లి అయినోళ్ళకు కూడా వచ్చింది 2005లో. నాయన అప్పటికి బతికుండాడా లేదా అని చూడక్కర్లేదని సుప్రీం కోర్టు 2020లో తేల్చి చెప్పింది. నీకు 1989లో ఎనిమిదేండ్లు పాపా. మా అన్న చేసే ఆ మెట్ట మా నాయన కష్టం కాదు, మా తాతది. దాంట్లో నీకు పాలు ఉండాది. మీ తమ్ముళ్ళతో కొట్లాడమని నేను చెప్పను. పండగకు చీర పెట్టి, ఇక్కడొక సంతకం చేయక్కా అని విడుదల పత్రం ముందర పెట్టినారంటే మాత్రం, ఇంటికి తెచ్చి చదివించుకోకుండా చేయొద్దు.

2016 నవంబరు నీకూ గుర్తుండాది కదా. రాత్రి టీవీలో 500, 1000 నోట్లు చెల్లవని చెప్పిరి. తెల్లారేటప్పటికి ఈ వీధిలో ఎన్ని కుండలు, ఎన్ని చీర మడతలు బయటపడె! మొగోళ్ళు నవ్విరి, ఇంత దాచిండావా అని. నవ్వులతో పోలేదు, మార్చుకోవాలంటే ఆ నోట్లు వాళ్ళ చేతికే ఇయ్యాల్సొచ్చె. తిరిగి వచ్చింది ఎంత? బ్యాంకు పుస్తకం ఉండినోళ్ళు వరసలో నిలబడి తమ పేరు మీదే వేసుకునిరి.

ఇప్పుడు వారం లోన్లని ఇంటి ముందరకే వస్తా ఉండారు. పదిమంది ఆడోళ్ళు కూర్చుంటారు, పుస్తకం ఉంటాది, చూసేదానికి సంగం లాగానే ఉంటాది. దుడ్లు ఎవరివి, వడ్డీ యాడికి పోతాదని అడుగు. అది తెలిస్తే తేడా తెలుస్తాది. ఇంటికి వచ్చే ఆదాయంలో సగానికి మించి కిస్తులకు పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో హద్దు పెట్టింది. ఒకటి తీర్చేదానికి ఇంగొకటి తీసుకునేవాళ్ళకు ఆ హద్దు కాపలా కాయదు, మనమే కాచుకోవాల.

నీ లెక్కకు వస్తాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నీకు పని ఉండేది కాయ కాలంలోనే. ఆ నెలల్లో వచ్చేది ఏడాదంతా వస్తాదన్నట్టు ఖర్చు పెట్టొద్దు. పన్నెండు నెలలకు పంచి, అంతే తీసుకో. సర్కారు 2023 సెప్టెంబరు నుంచి ఆడోళ్ళకు నెలనెలా ఇచ్చే ఉరిమై తొగై వెయ్యి రూపాయలు నీ పేరు మీదే పడతాంది. 2021 నుంచి సర్కారు టౌను బస్సులో ఆడోళ్ళకు ఛార్జీ లేదు. ఊత్తంగరై పోయి వచ్చినప్పుడంతా మిగిలిన ఛార్జీ మిగిలినట్టే అనుకోవద్దు, తీసి పక్కన పెడితేనే మిగిలినట్టు.

ఆ వెయ్యిని పోస్టాఫీసులో నెలనెలా ఆర్డీ కట్టితే ఐదేండ్లకు 60,000 కట్టినదానికి ఇప్పటి 6.7 వడ్డీతో 71 వేల పైన చేతికొస్తాది. ఈ వడ్డీలు మూణ్ణెల్లకొకసారి సర్కారు చూస్తాది, మారొచ్చు. పీపీఎఫ్ అని ఇంగొకటి ఉండాది, ఏడాదికి 500 కట్టినా చాలు, పదిహేనేండ్లు. నెలకు 500 కట్టుకుంటా పోతే ఇప్పటి 7.1 లెక్కన లక్షా యాభై వేలు దాటుతాది. నాకు దాంట్లో నచ్చింది వడ్డీ కాదు. అప్పులోడు కోర్టుకు పోయినా ఆ దుడ్లను జప్తు చేయలేడు. మా కాలంలో అట్లాంటి కుండ ఒక్కటి ఉండి ఉంటే! అటల్ పెన్షనుకు నలభై లోపలే చేరాల, అది నీకు దాటిపోయింది, దాని గురించి బాధపడుకుంటా కూర్చోవద్దు. సర్కారు ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, డెబ్బై దాకా ఉంటాది. ప్రాణ బీమా 436, యాభై లోపల చేరాల, నీకు ఇంగా టైముండాది. అరవై నిండినాక ఉన్నదంతా పెద్దోళ్ళ పొదుపు పథకంలో పెడితే ఇప్పటి 8.2 వడ్డీకి లక్షకు మూణ్ణెల్లకు 2,050 వస్తా ఉంటాది. దాంతో మందులు వస్తాయి, మనవడికి పలక వస్తాది, ఎవరినీ అడగక్కర్లేదు.

సోమవారం పొద్దునే పోస్టాఫీసుకు పో. ఆధారు, రెండు ఫోటోలు, పాన్ కార్డు లేకుంటే దాని బదులు ఇచ్చే ఫారం అడుగు. నామినీ కాడ నీ కూతురి పేరు రాయి. ఆధారులో నీ పేరు ఒక తీరుగా, రేషను కార్డులో ఇంగొక తీరుగా ఉండాది, అది ముందర సరిచేయించుకో. పుస్తకం చేతికిచ్చినాక కౌంటరు కాడనే నిలబడి పేరు, ఇంటిపేరు, తేదీ ఒకసారి చదువుకో. తప్పుంటే అప్పుడే చెప్పు, ఇంటికొచ్చినాక మళ్ళీ పోవాలంటే ఒక పూట కూలి పోతాది.