సెరెంగెటీని నిలిపిన పశువుల టీకా

టాంజానియా ఉత్తర భాగంలో 14,763 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న సెరెంగెటీ జాతీయ పార్కు ఒక సవన్నా, అంటే అక్కడక్కడ చెట్లతో కనుచూపు మేర సాగే గడ్డి మైదానం. సఫారీ యాత్రికులకు దీనిని మనిషి చెయ్యి సోకని ఆదిమ ప్రకృతిగా చూపించడం పరిపాటి అయినా, గత నూట ముప్ఫై ఏళ్ల చరిత్ర ఆ మాటను సమర్థించదు.

రిండర్‌పెస్ట్ అనేది తీవ్రమైన జ్వరంతో, నోటిపూతతో, విరేచనాలతో గిట్టల జంతువులను కొద్ది రోజుల్లోనే చంపే వైరస్ వ్యాధి. 1880ల చివర ఆఫ్రికా ఈశాన్య తీరాన అడుగుపెట్టిన ఈ వ్యాధి పదేళ్లలోనే దక్షిణ కొసదాకా పాకింది. ఇటలీ సైన్యం కోసం దిగుమతి అయిన పశువుల వెంట అది వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు భావిస్తుండగా, ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్లినవేనన్న అభిప్రాయమూ ఉంది. పశువులే సర్వస్వమైన ఇక్కడి మాసాయి తెగవారి మందలు ఊడ్చిపెట్టుకుపోగా, వెంటనే కరువూ మశూచీ వచ్చిపడి మనుషులనూ పొట్టన పెట్టుకున్నాయి. ఆ విధంగా బోసిపోయిన నేలను చూసి తరువాతి కాలపు యూరోపియన్లు అది ఎన్నడూ జనం లేని అడవి అని భ్రమపడ్డారు.

ఆ భ్రమే విధానంగా మారింది. 1951లో పార్కు ఏర్పడింది. 1958లో ఫ్రాంక్‌ఫర్ట్ జంతు ప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మైఖేల్ జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ జంతువులను లెక్కించారు. జాతీయ పార్కులో స్థానికులు సైతం నివసించరాదన్నది బెర్న్‌హార్డ్ దృఢాభిప్రాయం. 1959 జనవరిలో విమానానికి రాబందు తగిలి మైఖేల్ మరణించగా, అదే ఏడాది మాసాయిలను పార్కు నుంచి తప్పించి, పక్కనే వేరుచేసిన న్గొరొంగొరో సంరక్షణ ప్రాంతానికి పంపారు.

అయితే జంతువుల సంఖ్యను పెంచింది ప్రధానంగా ఈ తరలింపు కాదు. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింక జాతి జంతువు దూడకు తల్లి జున్నుపాల ద్వారా అందిన రోగనిరోధక శక్తి కొన్ని నెలలకే సన్నగిల్లేది, ఆపై రిండర్‌పెస్ట్ సోకి ఏడాది ఈడు దూడలు ఏటేటా రాలిపోయేవి. 1950లలో చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడం మొదలయ్యాక, పశువులు లేకుండా కేవలం వన్యమృగాలలో నిలదొక్కుకోలేని ఆ వైరస్ 1960ల తొలినాళ్లకే అక్కడ కనుమరుగైంది. అప్పటికి సుమారు 2.5 లక్షలున్న వైల్డ్‌బీస్టులు 1977 నాటికి 13 లక్షలకు చేరుకున్నాయి. అవి గడ్డిని మేసేయడంతో కార్చిచ్చులకు మేత కరువై, కాలిపోకుండా మిగిలిన మొక్కలు చెట్లుగా ఎదిగాయి. ఒక పశువైద్య కార్యక్రమం మైదానపు రూపాన్నే మార్చిన ఉదంతాలు ప్రపంచంలో అరుదు.

రిండర్‌పెస్ట్ భూమిపై పూర్తిగా అంతరించిందని 2011లో అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. తమ పశువులకు వేసిన టీకాలతో ఆ మైదానానికి మేలు జరిగినా, మాసాయిల మందలకు సెరెంగెటీలో మేత నేటికీ నిషిద్ధమే. న్గొరొంగొరోలో మిగిలిన కుటుంబాలను సైతం టాంజానియా ప్రభుత్వం 2022లో సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని హందేని జిల్లాకు తరలించడం ప్రారంభించింది.