తాకిన వెనుకకు మరలు పచ్చని నలుసు



వానలు వెలిసిన పిమ్మట ఊరికుంట నీరు పచ్చవాఱుట మీరెఱిగినదే. ఆ నీటి చుక్క నొకదానిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచినచో, పలుమాఱు అందు ఈదులాడు పచ్చని నలుసులు కానవచ్చును. ఇవి పాచిజాతివి; ఎండవెలుగుతో తమ ఆహారమును తామే వండుకొనును. అయినను జంతువులవలె సంచరించును. అడ్డు తగిలినచో వెనుకకు మరలును. చర్మము లేదు, నరము లేదు, మెదడు లేదు. దేహమంతయు నొక్క కణమే. తాకుడు దీనికెట్లు తెలియును?

హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్, 1674లో, ఊరిచేరువనున్న సరస్సు నీటిని తాను స్వయముగా సానబట్టిన అద్దముతో పరికించి, అందు కదలాడు సూక్ష్మప్రాణులను గాంచి, లండను రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. శాస్త్రపాఠము లేని వర్తకుని కన్ను ఎందఱో పండితులకంటె ముందు నడచినది. 1833లో జర్మను పండితుడు ఎహ్రెన్‌బర్గు ఇట్టి నలుసులలో నొకదానికి క్లామిడోమోనస్ అని పేరిడెను. ఇట్టి ప్రాణులకు అనేక ఉదరములు గలవని ఆయన భ్రమించెను గాని, ఆ పేరు మాత్రము నిలిచినది.

మిల్లీమీటరును నూఱు భాగములు చేసిన నందొక భాగమంత దీని కొలత. ముందువైపున రెండు కొరడాలవంటి తోకలు గలవు. మనము రెండు చేతులతో నీటిని చీల్చుకొని ఈదునట్లు, ఆ రెండింటిని క్షణమునకు సుమారు 50 మాఱులు ఆడించుచు ముందుకు సాగును. అడ్డు తగిలినంతనే ఆ కొరడాలు ముందుకు చాగి, పాములవలె మెలికలు తిరుగును. దేహము వెనుకకు పోవును. అరక్షణము గడచునో లేదో, మరల వేఱొక దిక్కునకు బయలుదేరును.

ఇట్టి క్షుద్రప్రాణుల నడకనుగూర్చి అమెరికాలో గొప్ప వాదము చెలరేగెను. ఇది యంత్రపు కదలికయే యని లోబ్ పండితుడు పలికెను. కాదు, ప్రాణి ప్రయత్నించును, తప్పినచో మరల ప్రయత్నించునని జెన్నింగ్స్ 1906 నాటి గ్రంథమున వాదించెను. ఇరువురి పలుకులలోను కొంత నిజము కలదని నా తలంపు.

1969లో నైటో, ఎకర్టు అను వారు పారమీసియమను వేఱొక ఏకకణప్రాణిని పరీక్షించిరి. ముందుభాగమును తాకినచో సున్నపుధాతువగు కాల్షియము లోనికి చొచ్చును, ప్రాణి వెనుకకు పోవును. వెనుక తాకినచో పొటాషియము వెలికి పోవును, ప్రాణి ముందుకు త్వరపడును. 1976లో ష్మిట్, ఎకర్టు మన పచ్చని నలుసునకు తటాలున వెలుగు చూపి, దాని వెనుకనడకకును కాల్షియమే కారణమని తెలిపిరి. కాని తాకుడును పసిగట్టునది యేది? 2011లో జపానుదేశ శాస్త్రజ్ఞులు దాని నెఱిగించిరి. కొరడా మొదటిభాగమున టి.ఆర్.పి. 11 అను మాంసకృత్తు కలదు. అది తాకుడుకు తెఱచుకొను సన్నని తలుపువంటిది. దానిని తగ్గించినప్పుడు, అడ్డు తగిలినను నలుసు మునుపటివలె వెనుకకు మరలదయ్యెను.

ఈ తలుపుల కుటుంబము మనకు క్రొత్తదికాదు. మిరపకాయ కొఱికినప్పుడు నాలుకకు మంట తెలుపునదియు, 1997లో కనుగొనబడినదియు నగు తలుపు ఈ కుటుంబములోనిదే.