తాత చెవి మీది వెంట్రుకలు

చెవుల అంచున గుబురుగా వెంట్రుకలు మొలిచిన తాతలు మన వైపు ఊరికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. మంగలి కత్తిరిస్తాడు, అవి మళ్లీ మొలుస్తాయి. చూసి నవ్వుకుని వదిలేసే ఈ సంగతి జన్యుశాస్త్రాన్ని దాదాపు వందేళ్లు తిప్పలు పెట్టింది.

తల్లి వైపు నుంచి వచ్చే లక్షణాల లెక్క ముందే తేలింది. రక్తం గడ్డకట్టని జబ్బు మేనమామలకూ మేనల్లుళ్లకూ ఉంటుందనీ, మధ్యనున్న తల్లి మాత్రం ఆరోగ్యంగానే ఉంటుందనీ 1803లోనే ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ ఒట్టో రాశాడు. దానికి కారణమైన ఎక్స్ క్రోమోజోము సంగతి తర్వాత తెలిసింది. 1905లో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల మగజీవుల్లో ఒక చిన్న క్రోమోజోమును గుర్తించింది. ఇప్పుడు మనం వై అంటున్నది దాన్నే. అది తండ్రి నుంచి కొడుకుకే పోతుంది, కూతురికి రాదు. మరి అచ్చంగా తండ్రి నుంచి కొడుకుకే దిగే లక్షణం మనిషిలో ఉందా?

ఉందనడానికి అందరూ చూపింది ఇంగ్లండులోని సఫోక్‌కు చెందిన ఎడ్వర్డ్ లాంబర్ట్ వంశాన్ని. 18వ శతాబ్దంలో అతణ్ణి ‘ముళ్లపంది మనిషి’ అనేవారు. ముఖం, అరచేతులు, అరికాళ్లు తప్ప ఒళ్లంతా ముళ్లలాంటి గట్టి చర్మం. ఆరు తరాల మగవాళ్లకు ఇదే వచ్చిందనీ, ఒక్క ఆడపిల్లకూ రాలేదనీ పాఠ్యపుస్తకాలు పదేపదే రాశాయి. 1958లో జన్యుశాస్త్రవేత్తలు లయొనెల్ పెన్‌రోజ్, కర్ట్ స్టెర్న్ పాత చర్చి రిజిస్టర్లు తిరగేస్తే కథ కూలింది. ఆడపిల్లలకూ వచ్చింది, తరాల లెక్కా తప్పే. అంతకు ముందు ఏడాదే స్టెర్న్ వై లక్షణాలుగా చెలామణీ అవుతున్నవన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించి చాలావాటిని కొట్టేశాడు. కాస్త నిలబడ్డది చెవి వెంట్రుకలే.

ఇక్కడే మన తెలుగువాడు వస్తాడు. 1957లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయనకు శిష్యుడయ్యాడు. చెవి వెంట్రుకల వంశవృక్షాలు గీసి, ఇవి వై దారినే వస్తున్నాయని 1960లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వాదించాడు.

చిక్కంతా దౌహిత్రుడి దగ్గర. కొడుకు కొడుకుని పౌత్రుడనీ, కూతురి కొడుకుని దౌహిత్రుడనీ వేరువేరు పేర్లతో పిలిచే సంప్రదాయం మనది. ఈ లెక్కకు సరిగ్గా కావలసిందీ అదే. తాత వై పౌత్రుడికి చేరుతుంది, దౌహిత్రుడికి చేరదు. కానీ జన్యువు వేరే క్రోమోజోము మీద ఉండి, మగవాళ్లలోనే పైకి కనిపించేదైతే? కూతురు దాన్ని గుట్టుగా మోసి తన కొడుక్కిస్తుంది. దౌహిత్రుణ్ణి చూడకుండా రెంటినీ విడదీయలేం. ఆ దౌహిత్రుడికేమో ఇరవై ఏళ్లు. ఈ వెంట్రుకలు మొలిచేది వయసు మళ్లాక. లేవని రాసుకున్నవాడికి నలభై దాటాక మొలిస్తే లెక్క తారుమారే. పైగా ఒకరికి నాలుగు పోగులు, మరొకరికి కుచ్చు. ఎక్కడ నుంచి ‘ఉంది’ అనాలి? మేనరికాల ఇళ్లలో తండ్రి వైపు, తల్లి వైపు బంధువులు కలిసిపోతారు కాబట్టి ఏది ఎటు నుంచి వచ్చిందో ఇంకా కష్టం. ద్రోణంరాజు తప్పు చూశాడని నేననను. కంటితో చూసి తేలే సంగతి కాదిది.

2004లో లెస్టర్ విశ్వవిద్యాలయ బృందం దక్షిణ భారత పురుషుల డీఎన్‌ఏ పరీక్షించింది. చెవి వెంట్రుకలున్నవాళ్లలో రకరకాల వై వంశాలు కనిపించాయి, లేనివాళ్లలో ఉన్నట్టే. వై కథ అక్కడితో ముగిసింది.

నిజంగా వై మీదున్న లక్షణం వేరే, వీర్యకణాల తయారీకి సంబంధించింది. 1976లో ఇటలీలో టియెపోలో, జుఫార్డి 1170 మంది పురుషుల్ని పరీక్షించారు. వీర్యకణాలు లేని ఆరుగురిలో వై చివరి ముక్క లేదు. సంతానమే లేనివాడి లోపం కొడుక్కెలా వస్తుంది? వచ్చేది కాదు. 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించి గర్భాలు నిలిపారు. వృషణాల్లో ఒకటీ అరా కణాలు దొరికిన ఇలాంటి పురుషులు కూడా ఆ పద్ధతిలో తండ్రులవుతున్నారు. కొడుకు పుడితే ఆ విరిగిన వై వాడికీ వస్తుంది. కూతురు పుడితే రాదు.