సంగారెడ్డి సీమలో స్వతంత్రవృత్తి విద్య

పరిశ్రమలు వెలసినచోట పారిశ్రామికులును పుట్టుకొని వత్తురని తలంచుట సహజమే గాని, సంగారెడ్డి సీమ చరిత్ర అందుకు సాక్ష్యము పలుకదు. 1960ల దశకమున రామచంద్రాపురమున చెకొస్లొవేకియా సహకారముతో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వెలసి, తరువాతి దశాబ్దములలో పటాన్‌చెరు, బొల్లారములందు ఔషధ రసాయన పరిశ్రమలు వ్యాపింపగా, ఐ.టి.ఐ.లు ఫిట్టర్లను, టర్నర్లను ఆ యంత్రములకు సమకూర్చినవి. ‘కంపెనీలో నౌకరి’ యన్నదే తల్లిదండ్రులు పిల్లలకు జూపిన గమ్యమయ్యెను.

స్వయముగా సంస్థను స్థాపింపగల సాహసమును నేర్పవచ్చునా యన్న ప్రశ్న మాత్రము ఆ దశకముననే హైదరాబాదులో పరీక్షకు వచ్చెను. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ 1964లో కాకినాడ వర్తకులను చిన్నపరిశ్రమల శిక్షణసంస్థకు రప్పించి, సాధింపవలెనను తపనను అభ్యాసముచే పెంపొందింపజూచెను. శిక్షితులు వ్యాపారమును విస్తరించుటలో తక్కినవారిని మించిరని 1969 నాటి గ్రంథమున ఆయనయు, డేవిడ్ వింటరును వాదించిరి. అయితే ఆ శిష్యులు అప్పటికే అంగళ్ల గల్లాల వెనుక కూర్చున్నవారు.

అటుపిమ్మట ఈ విద్య క్రమముగా లేతవయస్సునకు దిగివచ్చినది. 1972లో పటాన్‌చెరువులో నెలకొన్న అంతర్జాతీయ పంటల పరిశోధనసంస్థ ఇక్రిశాట్, 2003లో వ్యవసాయ వ్యాపార ఇన్‌క్యుబేటరును ప్రారంభించి, పరిశోధనాఫలమును విపణికి జేర్ప బూనిన నూతన సంస్థలకు ఆశ్రయమిచ్చెను. 2008లో ఎద్దుమైలారము ఆయుధ కర్మాగార ప్రాంగణమున నారంభమై 2015లో కందికి తరలిన హైదరాబాదు ఐ.ఐ.టి., వ్యవస్థాపకతకు ప్రత్యేక శాఖనే ఏర్పరచెను. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఎన్నుకొన్న పాఠశాలలలో ఆరవ తరగతి బాలబాలికల చేతికే త్రీడీ ప్రింటర్లను, సెన్సార్లను అందించెను; 2020 నాటి తెలంగాణ స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్, తమ చుట్టునున్న సమస్యలను వెదకి పరిష్కారములను కల్పింపుడని పిల్లలను పిలిచెను.

అయినను జహీరాబాదు చెంత మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నెలకొల్పిన పచ్చసాలె, 1990ల దశకముననే బాలునితో మొదలుపెట్టి యీ క్రమమును తలక్రిందు చేసినది. అచ్చట పేదయిండ్ల పిల్లలు అక్షరములతోపాటు సేద్యము, వడ్రంగము, కుమ్మరము, కుట్టుపని అభ్యసించిరి. 1937లో వార్ధా సభయందు గాంధీజీ ప్రతిపాదింపగా, హైదరాబాదున జన్మించిన జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన రూపుదాల్చిన, చేతిపని మూలముగా చదువు నేర్పు నయీ తాలీమునకు ఇది దగ్గరి చుట్టము.

ఈ రెండు త్రోవలకు భేదమిదియే: పోటీకై నిర్మించిన నమూనా బహుమతితో ముగియును. ఊరివారు కొని వాడుకొను వస్తువు బాలునకు వెలకట్టుటయు, మాట నిలుపుకొనుటయు నేర్పును. కందిలోని శాస్త్రజ్ఞానమును, పటాన్‌చెరువులోని విపణి పరిచయమును మాచనూరు తరహా బడులకు చేరినపుడే యీ సీమ బాలుడు నౌకరి నొక మార్గముగా మాత్రమే ఎంచగలడు.