రొమ్ము కవచానికి సామాను చీటీ: వ్యాఖ్యానం

మూలం: అట్ట. ఇరవై గేజి సీఆర్ రేకు. తుమ్మ మొద్దు. సుత్తెలు రెండు. రేకు కత్తెర. చీలలు. తోలు పట్టీలు.

అవతారిక: 1885లో కీచకవధతో సురభి నాటకం మొదలైంది మన కడప జిల్లా సురభి గ్రామంలోనే. సీమ పల్లెల్లో తిరునాళ్ళకు పౌరాణిక నాటకం ఆడించడం ఇంకా పోలేదు. దుర్యోధనుడి కవచం మాత్రం అద్దె పెట్టెలోంచే వస్తుంది. రాజుపాలెం కుర్రవాడెవడైనా దాన్ని సొంతంగా చేసుకోవాలనుకుంటే కొలిమి, తిత్తులు, పట్టెడ లేనిదే కాదని వెనక్కి తగ్గుతాడు. మొదటి కవచానికి అవేవీ సొంతంగా ఉండక్కర్లేదు. ఈ చీటీలో ఉన్నవన్నీ ప్రొద్దుటూరులో ఒక్క పూటలో సమకూరేవే.

అట్ట: ఫ్యానో టీవీయో వచ్చిన పెట్టె చాలు. రేకు తప్పు కోస్తే డబ్బు పోతుంది, అట్ట తప్పు కోస్తే ఏమీ పోదు. ఛాతీ కొలతకు కత్తిరించి, తాడుతో కట్టుకుని, చేతులు ముందుకు చాపాలి, వంగాలి, కూర్చోవాలి. నటుడి కోసమైతే అతను గుండె నిండా ఊపిరి తీసుకుని ఒక పద్యం చివరిదాకా పాడాలి. పక్కటెముకల దగ్గర బిగుసుకుంటే అక్కడ కొయ్యాలి. వెనక ముక్కకూ ముందు ముక్కకూ నడుమ పక్కల్లో రెండు వేళ్ళ సందు వదలాలి. రాగం తీసేవాడికి ఆ సందే ప్రాణం.

ఇరవై గేజి: గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. పద్దెనిమిది గేజి దాదాపు 1.2 మిల్లీమీటర్లు, ఇరవై గేజి 0.9. రెండడుగుల చదరపు ముక్క మొదటిదైతే మూడున్నర కిలోలు తూగుతుంది, రెండోదైతే 2.7 కిలోలు. తెల్లవార్లూ నిలబడి ఆడేవాడి భుజాలకు ఆ తేడా బాగా తెలుస్తుంది. పదహారు గేజి నిజంగా కత్తి దెబ్బలు కాచుకునే వాళ్ళకు. కొత్తవాడి మణికట్టుకు అది లొంగదు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే కాబట్టి రంగస్థలానికి అదీ మంచిదే.

సీఆర్ రేకు: బీరువాలు చేసే షాపుల్లో వాడేది ఇదే. ఎనిమిది బై నాలుగు అడుగుల నిండు షీటు ఇరవయ్యొక్క కిలోలుంటుంది, అంత కొనొద్దు. వాళ్ళ దగ్గర మిగిలే కట్ పీసులు తూకానికి అడగండి. పాత లోహంతో పోరు సామాను చేయడం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1650లో గండికోట పట్టుకున్న మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించబోయాడని, 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. అంత పాపం మనకెందుకు, పాత బీరువా తలుపు చాలు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: జీఐ రేకును నిప్పుల్లో పెట్టొద్దు. దాని మీది జింకు పూత కాలి లేచే పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

తుమ్మ మొద్దు: ఈ పనికి అసలు పనిముట్టు ఇదే. మోకాలెత్తు ఉండి, నార నిలువుగా, కోత ముఖం పైకి ఉండాలి. దాని నడినెత్తిన గరిటె లోతున గుంట తొలవాలి. రేకును గుంట మీద పరిచి, గుండ్రటి సుత్తెతో అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా, ప్రతి దెబ్బా ముందు దెబ్బ మీద సగం పడేలా కొట్టాలి. పెద్ద దెబ్బ ఒకటి కంటే చిన్నవి పది మేలు. కాసేపటికి రేకు లొంగడం మానేసి దెబ్బకు ఖంగుమంటుంది. గట్టిపడిందన్నమాట. అప్పుడింకా బాదితే చీలుతుంది. చీకట్లో ఎర్రగా కనిపించేదాకా కాల్చి, నెమ్మదిగా చల్లారనిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఇంటి పొయ్యి చాలదు. ఊళ్ళో కమ్మరి కొలిమిలో పది నిమిషాలు అడిగి తీసుకోవచ్చు.

చీటీలో పట్టెడ లేదు. పాత సమ్మెట తలను అదే మొద్దులో సగం దిగేసి, ముఖం పైకి పెడితే సరిపోతుంది. రైలు పట్టా ముక్క ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు, దొంగ రైల్వే సామాను దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం కింద నేరం.

సుత్తెలు రెండు: ఒకటి గుండ్రటి ముఖానిది, ఒకటి చదునైనది. కారు సొట్టలు తీసే టింకరింగ్ మేస్త్రీల దగ్గర ఈ రెండూ, దెబ్బకు వెనక ఆనించే డాలీ కూడా ఉంటాయి. పాతవి కొనండి, కాకపోతే పని నేర్చుకోవడానికి వాళ్ళ దగ్గర నాలుగు రోజులు కూర్చోండి. సుత్తె ముఖం మీద ఏ గీత ఉన్నా రేకు మీద పడుతుంది కాబట్టి ముందు ఆకురాయితో అంచులు అరగదీసి, తర్వాత ఎమెరీ కాగితంతో మెరుగు పెట్టాలి.

రేకు కత్తెర: డబ్బు పెట్టాల్సింది దీని మీదే. చవకది రేకు అంచును నములుతుంది. చేతికి గ్లవ్సు, కంటికి అద్దాలు, చెవిలో ఇయర్ ప్లగ్గులు తప్పవు.

చీలలు: అల్యూమినియం రివిట్లు.

తోలు పట్టీలు: పాత బెల్టులు, బకిళ్ళతో సహా. తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు దొరికితే అదృష్టమే, అది నీళ్ళలో తడిస్తే వంగి, ఆరాక ఆ వంపునే నిలుపుకుంటుంది.

చీటీ మొత్తం చేతికొచ్చాక కూడా రొమ్ము కవచంతో మొదలుపెట్టొద్దు. ముందు ముంజేతి కవచం ఒకటి చెయ్యండి, జానెడు రేకుతో అయిపోతుంది. నాటక సమాజాల పెద్దలకు నా విన్నపం: అద్దెకిచ్చే డబ్బులో కొంత తీసి ఒక మొద్దు, రెండు సుత్తెలు, మంచి కత్తెర సమాజం పేర కొని పెట్టండి. ఊళ్ళో పిల్లలు వచ్చి కొడతారు.