బీపీ పట్టీ బిగిసిన రాత్రి

జూలై 2022, రెండో వారం. ముసురు వదలడం లేదు. జూలూరుపాడు అడవి అంచున గుత్తికోయల గుంపు. టార్పాలిన్ కప్పు మీద వాన దంచుతోంది. లోపల పొయ్యి పొగ, తడిసిన వెదురు వాసన. ఎనిమిదో నెల గర్భిణి రెండు చేతులా తల పట్టుకుని తడికకు ఒరిగింది. కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయంటోంది. అత్త పసరు నూరుతోంది. ఆశా కార్యకర్త చూపు మాత్రం ఆ పిల్ల కాళ్ల మీద పడింది. బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట పూడలేదు.

పేర్లు వద్దు. ఈ అడవి పల్లెల్లో ఇలాంటి రాత్రులు ఎన్నో. వాటిని ఒక్క రాత్రిగా కలిపి చెబుతున్నదే ఈ గాథ.

జ్వరాల సర్వేకు వచ్చి వానకు చిక్కిపోయిన ఏఎన్‌ఎం టార్చి వెలుతురులో బీపీ పట్టీ చుట్టింది. 160/110. విప్పి మళ్లీ కట్టింది. అదే అంకె. తల్లీబిడ్డల కార్డు తీసింది. పోయిన నెల 120/80. రక్తం 8.2 నుంచి 9.6కు ఎక్కింది. ఐరన్ గోలీలు, అంగన్‌వాడీలో రోజూ అన్నం, గుడ్డు, పాలు ఊరికే పోలేదు. కానీ ఈ కొత్త అంకె ఆగనివ్వదు. పాతవాళ్లు గుర్రపువాతం అన్నది దీని వెనకే వస్తుంది. ఫిట్స్ మొదలైతే తల్లీ బిడ్డా ఇద్దరూ చేజారిపోవచ్చు.

"ఇప్పుడే దవాఖానకు పోవాలె."

అత్త లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది. "కోస్తరు. నా కోడలు ఇంట్లోనే కంటది." 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం మంటలకు ఊళ్లు వదిలి వచ్చిన మనుషులు వీళ్లు. యూనిఫాం కనబడితేనే గుండె జారే బతుకు. ఆశా కార్యకర్త కోయలో అందుకుంది. "అత్తా, పోయిన నవంబర్‌ల కలెక్టర్ సారు భార్య భద్రాచలం సర్కారు దవాఖానల్నే కన్నది. ఆమెకు లేని భయం మనకెందుకు?" ముసలామె మాట్లాడలేదు. గుమ్మం వదల్లేదు. అప్పుడే కోడలు భళ్లున కక్కుకుంది.

అత్త పక్కకు జరిగింది.

నులకమంచానికి బొంగులు కట్టి, నలుగురు మగవాళ్లు భుజాలకెత్తుకుని, మోకాలి లోతు బురదలో కాలు తీసి కాలు వేస్తూ, వాగులో నడుం దాకా దిగి, మంచం తడవకుండా చేతులు పైకెత్తి, అవతల తారురోడ్డు మీద తిరుగుతున్న 108 ఎర్రదీపం కేసి నడిచారు. నడివాగులో ఒకడి కాలు జారింది. మంచం ఒరిగింది. నిలిచింది.

ఆ వారమే భద్రాచలం దగ్గర గోదావరి పోటెత్తింది. 16వ తేదీకి 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు ఎవరూ చూడలేదు. ముంపు ఊళ్ల నుంచి కాన్పు తేదీ దగ్గరపడ్డ గర్భిణులను ముందే ఆసుపత్రులకు చేర్చారు. ఎవరిని తీసుకురావాలో ఎలా తెలిసింది? మూడో నెలలో ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో రాసుకున్న తేదీని బట్టి. పేరు ఎక్కని మనిషి కోసం పడవ ఎవరు పంపుతారు?

108 ఆ పిల్లను దించింది జూలూరుపాడు పీహెచ్‌సీలో. స్టాఫ్‌నర్సు ఫోన్‌లో డాక్టరు చెప్పినట్టే చేసింది. ఒక్కో పిరుదులో 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. ఫిట్స్ ముప్పును ఇది సగానికి సగం తగ్గిస్తుందని పదివేల మంది తల్లులపై జరిగిన పరిశోధన 2002లోనే తేల్చింది. ఆపై డెక్సామెథసోన్, 6 మిల్లీగ్రాములు. ఇది బిడ్డ కోసం. నెలలు నిండని ఊపిరితిత్తులను గట్టిపరిచే మందు. పన్నెండు గంటలకొకటి, నాలుగు డోసులు. అంటే ఇంకా దాదాపు రెండు రోజులు కాన్పు ఆగాలి.

ఆగుతుందా?

బండి కొత్తగూడెం దారి పట్టింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. అత్త కోడలి చెయ్యి వదల్లేదు.

కాన్పు ఆగింది. నాలుగో డోసు పడింది. మర్నాడు మగబిడ్డ, కిలోన్నర పైచిలుకు. పుట్టీపుట్టగానే ఏడ్చాడు. ఊపిరి అందింది. తల్లి రొమ్ము మీదే, చర్మానికి చర్మం ఆనించి కట్టారు. అయినా తల్లికి గండం గడవలేదు. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే మరో 24 గంటలు మెగ్నీషియం నడుస్తుంది. గంటగంటకూ బీపీ చూస్తారు.

140/90. సిస్టర్ పట్టీ విప్పబోయింది.

గుమ్మానికి అడ్డం నిలబడ్డ ఆ అత్తే సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కసారి కట్టి సూడు, బిడ్డా."