డీపీలో గులాబీ

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో 62 మందిమి ఉన్నాం. ఒకరోజు మధ్యాహ్నం పని తెమిలాక కూర్చుని అందరి డీపీలూ లెక్కపెట్టాను. సొంత మొహం పెట్టుకున్నవాళ్ళు 11 మంది. మిగతావన్నీ పిల్లలు, వేంకటేశ్వరస్వామి, సాయిబాబా, రాధాకృష్ణులు, గులాబీలు, నెమలి ఈకలు. ముగ్గురు భర్తతో కలిసి దిగిన ఫోటో పెట్టారు. ఒకావిడ అయితే భర్త ఫోటో ఒక్కటే పెట్టింది. పాలవాడి గురించి ఆవిడ మెసేజ్ పెట్టినప్పుడల్లా మీసాలాయన మాట్లాడుతున్నట్టుంటుంది. పేర్లూ అంతే. "చిన్ను మమ్మీ", "బన్నీ అమ్మ", "403".

నాకు కుతూహలం ఎక్కువ. లిఫ్టులో, కూరల బండి దగ్గర ఒక్కొక్కళ్ళనీ అడిగాను. గులాబీ పెట్టినావిడ, "ఇదివరకు నా ఫోటోనే ఉండేదండీ. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మీ డీపీ బాగుంది అని మెసేజ్ పెట్టాడు. మా ఆయన ఏమీ అనలేదు గానీ నేనే తీసేశాను" అంది. తులసికోట ఫోటో పెట్టినావిడని భక్తి అనుకున్నాను. ఆ కోట వాళ్ళ పుట్టింటి పెరట్లోదట. అన్నదమ్ములు ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టేశారు. ఇప్పుడది ఆవిడ ఫోన్లో మాత్రమే ఉంది. "403" అని పెట్టుకున్న పెద్దావిడ, "నా పేరెవరికి కావాలమ్మా, ఏ ఫ్లాటో తెలిస్తే చాలుగా" అని తేల్చేసింది. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ ఆవిడతో వాదించేంత చనువు లేదు.

అసలు పేరు బయట పెట్టకుండా మరో పేరుతో నలుగురిలోకి రావడం సెల్‌ఫోన్లతో మొదలైన అలవాటు కాదు. బి.ఏ. తెలుగు చదివిన పుణ్యాన నాకు ముందు గుర్తొచ్చేవి పదాల్లో, కీర్తనల్లో ఉండే ముద్రలు. క్షేత్రయ్య అసలు పేరు వరదయ్య అంటారు. పుణ్యక్షేత్రాలు తిరిగాడు కాబట్టి క్షేత్రయ్య అయ్యాడు. పదం చివర మాత్రం ఈ రెండు పేర్లూ పెట్టుకోలేదు, తన ఊరి దేవుడు మువ్వగోపాలుణ్ణి పెట్టుకున్నాడు. కృష్ణా జిల్లాలో ఆ మొవ్వ ఊరు ఇప్పటికీ ఉంది. దీక్షితార్ ముద్ర గురుగుహ, శ్యామశాస్త్రి ముద్ర శ్యామకృష్ణ. త్యాగయ్య ఒక్కడే నేరుగా తన పేరే పెట్టుకున్నాడు. పాట నోటినుంచి నోటికి వెళ్ళే రోజుల్లో అది ఎవరిదో చెప్పడానికి ఆ ఒక్క మాటే ఆధారం.

మరి మన ఆడవాళ్ళ పాటలో? ఊర్మిళాదేవి నిద్ర ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. మా అమ్మమ్మ పాడిన అప్పగింతల పాటలకీ, మంగళహారతులకీ ముద్ర ఉన్నట్టు నాకు గుర్తు లేదు. దంచుతూ, విసురుతూ, పెళ్ళిపీటల పక్కన కూర్చుని పాడినవాళ్ళెవరూ చివర్న "ఇది నాది" అని చెప్పుకోలేదు.

చెప్పుకున్నవాళ్ళు మాత్రం గట్టిగానే చెప్పుకున్నారు. తరిగొండ వెంగమాంబ కానాల వారింటి ఆడపడుచు. 18వ శతాబ్దంలో బాల్యంలోనే భర్త పోతే తల గొరిగించుకోవడానికి ఒప్పుకోని మనిషి. తర్వాత తిరుమల చేరి అక్కడే ఉండిపోయారు. ఆవిడ పేరుకి ముందు తండ్రి ఇంటిపేరూ లేదు, భర్త ఇంటిపేరూ లేదు, ఊరి పేరుంది. ఆ ఊళ్ళోని నృసింహస్వామే ఆవిడ ముద్ర. ఇది చదువుకునే రోజుల్లో నాకు పట్టలేదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్పించుకోవడానికి నోటరీ చుట్టూ తిరుగుతున్నప్పుడు పట్టింది.

ముద్దుపళని సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ఉన్న కవయిత్రి, రాధికాసాంత్వనం రాసింది. కావ్యం మొదట్లో కవులు తమ వంశం చెప్పుకోవడం రివాజు. తాత, తండ్రి, గోత్రం ఇలా. ఈవిడ తన అవ్వ తంజనాయకి గొప్పతనం చెప్పుకుంది. ఆడవాళ్ళ వరసలో చెప్పుకున్న వంశం అది. తర్వాత 19వ శతాబ్దంలో ఆ పుస్తకం అచ్చువేసినప్పుడు ఆ పీఠిక తీసేశారు, కొన్ని పద్యాలు కూడా తీసేశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పోస్టు ఉంచి ప్రొఫైల్ డిలీట్ చేసినట్టు. బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, పీఠికతో సహా 1910లో మళ్ళీ అచ్చువేయించారు. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం 1947లో గానీ పోలేదు. శృంగారం ఎక్కువైందన్నది వాళ్ళ అభ్యంతరం, సరే. అవ్వ పేరు చెప్పుకోవడంలో ఏం అశ్లీలముందని పీఠిక తీసేశారో మాత్రం నాకు అర్థం కాదు.

పత్రికలు వచ్చాక కలం పేర్లు వచ్చాయి. మగవాళ్ళ కలం పేర్లలో చాలావరకు ముచ్చటకొద్దీ పెట్టుకున్నవే. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు. భాగవతుల సదాశివశంకరశాస్త్రి నక్షత్రం పేరు పెట్టుకుని ఆరుద్ర అయ్యాడు. ఆడవాళ్ళ విషయంలో అది ముచ్చట ఒక్కటే అనుకోను. భండారు అచ్చమాంబ 1902లో హిందూసుందరిలో ధనత్రయోదశి కథ రాసే నాటికి పత్రికలో ఆడదాని పేరు అచ్చులో కనిపించడమే విడ్డూరం. ఆవిడ సొంత పేరుతోనే రాశారు. అంతేకాదు, అబలా సచ్చరిత్ర రత్నమాల అని ఎక్కడెక్కడి స్త్రీల చరిత్రలో వెతికి వెతికి పుస్తకంగా కూర్చారు. బడికి పంపని కాలంలో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి చేసిన పని ఇది. 1905లో, ముప్పై ఏళ్ళకే పోయారు.

తర్వాతి తరంలో కనుపర్తి వరలక్ష్మమ్మ గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు రాశారు. శారద అనే ఆవిడ స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టుగా ఉంటాయి. చదువు, చట్టాలు, ఇంటి విషయాలు అన్నీ అందులోనే. వరలక్ష్మమ్మగారు పేరు దాచుకోవలసిన మనిషి కాదు, గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నది ఆవిడే. అయినా "నేను చెబుతున్నాను" అంటే ఉపన్యాసంలా ఉంటుంది, "శారద రాసింది" అంటే పక్కింటావిడ మాట్లాడినట్టుంటుంది. ఆ కిటుకు ఆవిడకి బాగా తెలుసు.

ఇంకో శారద ఉన్నాడు. ఉన్నాడు అనే రాశాను, పొరపాటు కాదు. ఎస్. నటరాజన్ అనే తమిళ కుర్రాడు చిన్నప్పుడే తెనాలి వచ్చి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, శారద అన్న పేరుతో మంచీ చెడూ, ఏది సత్యం, అపస్వరాలు లాంటి నవలలు రాశాడు. 1955లో చాలా చిన్న వయసులో పోయాడు. బల్లలు తుడిచే చేతులతో ఆ నవలలు రాసిన మనిషిని, ఆ పేరు చూసి ఏ ఇల్లాలో అనుకున్న పాఠకులు ఎంతమందో.

మగవాళ్ళు ఆడ పేర్లతో రాయడం తర్వాత రోజుల్లో మరీ ఎక్కువైంది. పత్రికల్లో రచయిత్రుల నవలలకి గిరాకీ ఉన్న కాలం అది. అలా కాకుండా ఇష్టంగా రాసినవాళ్ళూ ఉన్నారు. ఆంధ్రజ్యోతి వీక్లీలో పురాణం సీత పేరుతో వచ్చిన ఇల్లాలి ముచ్చట్లు రాసింది సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. మా అమ్మ వాటిని వీక్లీల నుంచి కత్తిరించి దారంతో కుట్టి దాచుకుంది. అది మగాయన రాసిందని నేను చెబితే ముందు నమ్మలేదు. తర్వాత, "అందుకేనేమో, ఆ ఇల్లాలికి వంటింట్లో అంత తీరిక" అంది! నేను మాత్రం శర్మగారి మీద కోపం తెచ్చుకోలేను, అంత బాగా రాశారు.

వీటన్నిటిలో నాకు ఇష్టమైన పేరు బీనాదేవి. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. ఆయన జడ్జిగారు. ఎవరు ఎంత రాశారన్నది బయటివాళ్ళకి తెలిసే వీల్లేకుండా రాశారు. ఆయన పోయాక కూడా ఆవిడ అదే పేరుతో రాశారు. ఇద్దరి పేరులో ఒకరు మిగిలిపోయినప్పుడు, కథ కింద ఆ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఎలా ఆడి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇక కంప్యూటర్ల కాలం. నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడాది మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. యాహూలో ఐడీ చేసుకోవాలని వెళ్ళాను. నా పేరు కొట్టాను, ఎవరో తీసేసుకున్నారంది. ఇంటిపేరు కలిపితే ఎవరింటి పిల్లో ఊరందరికీ తెలిసిపోతుంది, నాన్నగారు ఒప్పుకోరు. ఫైనలియర్లో మొల్ల రామాయణం మీద సెమినార్ ఇచ్చాను కాబట్టి మొల్ల అని కొట్టాను. అదీ అయిపోయింది. చివరికి మొల్ల పక్కన నా హాల్‌టికెట్ ఆఖరి నాలుగంకెలు చేర్చాను. ఇప్పటికీ నా కరెంటు బిల్లు దగ్గర్నుంచి పిల్లల ఫీజు రసీదు దాకా ఆ పేరుకే వస్తాయి. కొరియర్ అబ్బాయి ఒకసారి "మొల్ల మేడమ్ మీరేనా?" అని అడిగితే అవునన్నాను. మొల్ల అంటే ఒక రకం మల్లె. గులాబీ డీపీలని చూసి నేను నవ్వడానికి లేదు, నాదీ పువ్వే.

మొహం పెట్టకపోవడం మన ఆడవాళ్ళ పిరికితనమని మా అబ్బాయి అంటాడు. వాడికి ఒక్కటే చెప్పాను. 2017 జూన్‌లో ఫేస్‌బుక్ వాళ్ళు ప్రొఫైల్ పిక్చర్ గార్డ్ అని ఒకటి తెచ్చారు. మన ఫోటోని వేరేవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోకుండా అడ్డం. అది ముందు మన దేశంలోనే పెట్టారు. తమ ఫోటో ఎవరు ఎత్తుకుపోయి ఏం చేస్తారోనన్న భయంతో ఇక్కడి ఆడవాళ్ళు మొహం కనిపించే ఫోటోలే పెట్టడం లేదని వాళ్ళే చెప్పారు. అంత పెద్ద కంపెనీ ఒప్పుకున్న భయాన్ని మా గ్రూపులో గులాబీ పెట్టినావిడ ఒక్కర్తే పడుతోందనుకుంటే ఎలా?

పోయినేడు మా అత్తగారికి స్మార్ట్‌ఫోన్ కొన్నాం. ఆవిడకి 74. మా ఆయన వాట్సాప్ పెడుతూ పేరు దగ్గర "అమ్మ" అని కొట్టేశారు. అత్తయ్య చూసి, "నీకు అమ్మని. ఊరందరికీ అమ్మనా? నా పేరు రాయి" అన్నారు. ఆయన పేరు రాశారు. "అది కాదు" అన్నారు.

అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ కాపురానికి వచ్చేసరికి ఇంట్లో వాళ్ళ అత్తగారిది కూడా అదే పేరట. కోడల్ని కేకేస్తే అత్తగారిని పేరు పెట్టి పిలిచినట్టవుతుంది, తిడితే మరీ అప్రదిష్ట. అందుకని గృహప్రవేశం నాడే వేరే పేరు పెట్టేశారు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్, పొలం కాగితాలు అన్నీ ఆ కొత్త పేరు మీదే. అరవై ఏళ్ళకి దగ్గర పడుతోంది. మా ఆయనకి ఈ సంగతి తెలీదు, మరిదికీ తెలీదు. మామయ్యగారు ఉంటే ఆయనకి గుర్తుండేదేమో.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?" అంటే, "ఎవరడిగారే?" అన్నారు. ఆ పేరు ఇక్కడ రాయమంటారా అని కూడా అడిగాను. వద్దన్నారు. అది నా ఫోన్లో ఉంటే చాలన్నారు.

ఫోటో దగ్గర ఇంకో పేచీ. మా అమ్మాయి లక్ష్మీదేవి బొమ్మ పెడతానంది. "నేను గుడ్ మార్నింగ్ పెడితే లక్ష్మీదేవి పెట్టినట్టుంటుందే, వద్దు" అన్నారు. చిన్నప్పటి ఫోటో ఉందా అంటే లేదు. ఆవిడకున్న మొదటి ఫోటో పెళ్ళయ్యాక స్టూడియోలో దిగింది. మామయ్యగారు కుర్చీలో, ఈవిడ పక్కన నిలబడి. అందులోంచి ఆవిడ ఒక్కరినీ కత్తిరిస్తే భుజం మీద మామయ్యగారి చెయ్యి మిగిలిపోయింది. చివరికి వరండాలో కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, అప్పుడే తీసి పెట్టాం.

చుట్టాల గ్రూపులో చేర్చగానే ఆ రాత్రి "ఎవరండీ ఈవిడ, కొత్త నంబరు?" అని మెసేజులు మొదలయ్యాయి. చీకట్లో తీసినట్టుంది కదా ఫోటో, మా మరిది కూడా పోల్చుకోలేదు. తెనాలి నుంచి ఆవిడ చెల్లెలు మాత్రం మెసేజ్ పెట్టలేదు, ఫోన్ చేసింది. "ఒసే" అని ఆ పేరు పెట్టి పిలిచింది. స్పీకర్ ఆన్‌లో ఉండటంతో అందరం విన్నాం. అత్తయ్య ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. గంట సేపు రాలేదు.

మా మరిది ఫోన్లో ఇంకా "అమ్మ" అనే ఉంది. మా ఆయన మాత్రం ఆ పేరుతో సేవ్ చేసుకున్నారు. ఆఫీసులో ఫోన్ మోగితే ఒక్క క్షణం ఎవరా అని చూసి ఎత్తుతున్నానని చెబుతుంటారు.